ఆగ్నెస్ టీచరు నాకు చెప్పిన నవల

కళ్ళ ఆసుపత్రిలో ఆ అమ్మాయి నా ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టింది. చల్లగా తగిలింది. ఒక్కో అద్దం మారుస్తూ, "ఇప్పుడెలా ఉంది మామ్మగారూ, మరిప్పుడూ?" అని అడుగుతూ, గోడ మీద అక్షరాల పలక తీసేసి ఇంకోటి తగిలించింది. దాని మీద నోళ్ళు తలో వైపుకీ తెరుచుకున్న సున్నాలున్నాయి. చదువు రానివాళ్ళకి అది పెడతారు. నోరు ఏ వైపు తెరిచి ఉందో చేత్తో చూపిస్తే చాలు. నన్ను అడగనైనా అడగలేదు. నా చీరకట్టూ, పగుళ్ళు తేలిన చేతులూ చూసి తనే నిర్ణయించేసింది. "అక్షరాలదే పెట్టమ్మా, నాకు చదవడం వచ్చు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, బయట బెంచీ మీదివాళ్ళు తొంగి చూశారు. ఆ పిల్ల సిగ్గుపడి పలక మార్చింది. అద్దం కుదిరి, కిందటి వరస అక్షరాలు ఒక్కొక్కటీ తేటపడిన క్షణాన నాకు ఆగ్నెస్ టీచరు గుర్తొచ్చారు. హాయిగా గుర్తొచ్చారని చెప్పను. గొంతులో చేపముల్లు అడ్డం పడ్డట్టు గుర్తొచ్చారు.

మీరెవరూ ఆవిడను ఎరగరు గనక ముందు మనిషిని చెబుతాను. పొట్టిగా, ఎండిన కట్టెలా ఉండేవారు. నూలు చీర, మెడలో చిన్న సిలువ, కళ్ళజోడు కాడకి కట్టిన నల్లదారం. పాలు పోయని కాఫీ తాగేవారు. వాళ్ళ నాన్నగారు ఫ్రెంచివాళ్ళ కాలంలో యానాం కచేరీలో గుమాస్తా చేశారట. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఎక్కడెక్కడో కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పి, రిటైరయ్యాక పుట్టిన ఊరికి వచ్చి, గోదావరి గట్టుకు దగ్గర్లో ఒక మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నారు. కింద ఇంటివాళ్ళుండేవారు. రొయ్యల వ్యాపారం మీద తూర్పుగోదావరి పల్లె నుంచి వచ్చి యానాంలో స్థిరపడి, సొంతంగా రొయ్యలు వలిచే షెడ్డు పెట్టుకున్న కుటుంబం. ఆ ఇంటి ఇల్లాలు సత్యవతిగారు. ఊళ్ళో ఆడవాళ్ళ సభ ఏది జరిగినా మధ్య కుర్చీ ఆవిడదే.

నేను పుట్టింది దరియాలతిప్ప, మెట్టింది ఫరంపేట. ఆయన పోయాక తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చేపలమ్మాను. ఆగ్నెస్ టీచరు చేప కొంటే ఊరికే కొనేవారు కాదు. మొప్పలెత్తి చూసి, వాసన చూసి, "ఇది నిన్నటిది నూకాలూ" అనేవారు. ఒకరోజు నాకు ఒళ్ళు మండి, "టీచరుగారూ, ఈ చేప మీకంటే తాజాగా ఉందండి" అన్నాను. ఇక ఈ గుమ్మం పోయినట్టేననుకున్నాను. ఆవిడ మెట్టు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "నోరున్న మనిషివి. మోకాళ్ళు లాగుతున్నాయంటావుగా, ఆ తట్ట మానేసి నాకు వంట చెయ్యి" అన్నారు. అలా చేరాను. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు, ఒక్క అక్షరం రాదు.

ఆవిడ నన్ను చదివిస్తానని ఏనాడూ అనలేదు. ఓ పొద్దుటే గ్యాసుబండ తెచ్చినతను సిరా డబ్బా తెరిస్తే, నేను అలవాటుగా బొటనవేలు ముంచి పుస్తకం మీద ఒత్తాను. టీచరు చూస్తూ నిలబడి, అతను మెట్లు దిగాక, "ఆ వేలు సబ్బుతో కడుక్కో. ఇదే ఆఖరు" అన్నారు. మధ్యాహ్నం వంటింటి నల్లరాయి మీద సుద్దముక్కతో ఏదో రాసి, "ఇది చందువ" అన్నారు. "ఇన్నేళ్ళు అమ్మావుగా, మొహం చూసి గుర్తుపట్టు. మధ్యలో దీనికి తోకుంది చూడు, అది మర్చిపోకు." అ ఆ లు చాలా రోజుల తర్వాత వచ్చాయి. ముందు చందువ, తర్వాత పండుగప్ప, బొమ్మిడాయి, మట్టగిడస. నాకు కళ్ళు ఆనక బొమ్మిడాయినీ మట్టగిడసనీ ఒకటిగా చదువుతుంటే, ఆవిడ తన కళ్ళజోడు తీసి నా ముక్కు మీద పెట్టారు. వేరేవాళ్ళ అద్దాల్లోంచి తెలుగు అక్షరాన్ని మొదటిసారి సరిగ్గా చూశాను. త్వరగా వచ్చేసిందని అబద్ధం చెప్పను. ఏడాదిన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు మానేశాను. రెండుసార్లూ ఆవిడ ఏమీ అనకుండా నల్లరాయి మీద ఒక చేప పేరు రాసి, దాన్ని తుడవకుండా వదిలేశారు. వంట చేస్తూ ఎంతసేపని చూడకుండా ఉంటాను?

ఇక ఆ నవల సంగతి. టీచరు దగ్గరికి ఎం.ఏ. ప్రైవేటుగా కట్టిన ముగ్గురమ్మాయిలు వచ్చేవారు. వాళ్ళకొక పాత ఇంగ్లీషు నవల పాఠం. అట్ట ఊడిపోయి, దారంతో కట్టిన లావుపాటి పుస్తకం. ఒక పట్నంలో పెద్దమనుషులని చెప్పుకునేవాళ్ళు ఒకరినొకరు ఎలా పొగుడుకుంటారో, ఎలా కొలుచుకుంటారో, ఎవరింటి విందుకి ఎవరిని పిలవకుండా చంపుకుంటారో, అదంతా వెక్కిరిస్తూ రాసిన కథ. టీచరు ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పేవారు. నేను వంటింటి గడపలో కూర్చుని రొయ్యలు వలుస్తూ వినేదాన్ని. ఒకరోజు, "వ్యంగ్యం అంటే ఏమిటి?" అని అడిగారు. ఒకమ్మాయి గైడులో ఉన్నది ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. "బావుంది. ఇప్పుడు తెలుగులో చెప్పు" అన్నారు. ముగ్గురూ తలలు వంచుకున్నారు. నాకు నోరాగక, "పైకి దండ వేస్తూ లోపల గిల్లటమా అండి?" అన్నాను. టీచరు పుస్తకం మూసేశారు. "విన్నారా అమ్మా! రొయ్యలు వలుస్తూ చెప్పింది. మీరు గైడు వలుచుకోండి."

ఆ కథలో ఒక గొప్పింటావిడ ఉంది. ఆవిడ గుర్రపుబండి వీధిలో వస్తే మగవాళ్ళందరూ టోపీలు తీసి వంగుతారు. ఒకనాడు చక్రం బాగుచేయించడానికి ఆ బండిని ఖాళీగా తోలుకుపోతుంటే, అది తెలిసీ అందరూ టోపీలు తీస్తారు. "ఎవరూ నవ్వరా టీచరుగారూ?" అన్నాను. "నవ్వరు. నవ్వాల్సింది చదివేవాళ్ళు" అన్నారు. "మరి ఆ చదివేవాళ్ళని చూసి ఎవరు నవ్వుతారండీ?"  మర్నాడు టీచరు ఒక గీతల నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. "రోజూ విన్న కథ నీ మాటల్లో రాయి. నిన్న అడిగావే, అలాంటివి కూడా రాయి."

ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరగవు, రాయడం అసలే రాదు. "ఆ మనిషి మన ఊళ్ళో ఎవరిలా ఉంటే ఆ పేరు పెట్టుకో, కథ వదిలిపోదు" అన్నారు టీచరు. ఆవిడ పాఠం చెప్పే పద్ధతే అది. చేప పేర్లతో అక్షరాలు చెప్పినట్టే. సరే, గొప్పింటావిడకి నేను సత్యవతిగారి పేరు పెట్టాను. ఆలోచించి పెట్టలేదు, దానంతటదే కలంలోకి వచ్చింది. బండి బదులు కారు. ఆపైన కథలో లేనిది కూడా కలిపాను. అంతకు ముందు ఏడు సత్యవతిగారు పేదాడవాళ్ళకి చీరలు పంచారు. నేనూ వరసలో ఉన్నాను. ఫొటోలో ఆవిడ కళ్ళు మూసుకున్నట్టు పడ్డాయని, ఇచ్చిన చీరలన్నీ వెనక్కి తీసుకుని మళ్ళీ మొదటినుంచీ పంచారు. రెండోసారి నాకు వేరే రంగు వచ్చింది, మొదటిదే బాగుంది. అది అలాగే రాశాను. టీచరు చదివి, దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "అందరినీ రాశావు. నువ్వెక్కడున్నావు ఇందులో?" అన్నారు. "నేనా? నేను చూసేదాన్నండి" అన్నాను. 

సత్యవతిగారు రాక్షసి కాదు. నాకు టైఫాయిడు వచ్చినప్పుడు ఆటో పిలిపించి ఆసుపత్రికి పంపింది ఆవిడే. మా అమ్మాయి లక్ష్మి వాళ్ళ షెడ్డులోనే రోజుకూలీకి రొయ్యలు వలిచేది. దాన్ని పర్మనెంటు చేసి, రొయ్యల్ని సైజుల వారీగా ఏరే బల్ల దగ్గర కూర్చోబెడతానని ఆవిడ మాటిచ్చారు కూడా. రోజంతా నీళ్ళలో నిలబడి మా పిల్ల కాళ్ళు చెడిపోతున్నాయి. ఆ బల్ల దగ్గర కుర్చీ దొరకడమంటే మాకు చిన్న సంగతి కాదు.

చేసిన తప్పు చెబుతాను. యాభై దగ్గరపడ్డాక రాయడం నేర్చుకున్న మనిషికి, తను రాసింది ఎవరికైనా చదివి వినిపించకపోతే కడుపు ఉబ్బిపోతుంది. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళకి ఇది తెలియదు. లక్ష్మికి అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి, సంకలో నోటుపుస్తకం పెట్టుకుని, అందరూ అడిగేదాకా అక్కడే తచ్చాడాను.

"ఏటొదినా ఆ పుస్తకం?" అంది, ఫరంపేటలో మా పక్కింట్లో ఉండే మరిడమ్మ.

"నేను రాసిందే."

"నువ్వా! సదువెప్పుడొచ్చిందే నీకు?"

"వచ్చింది. వింటావా?"

బోర్లించిన ట్రేల మీద కూర్చుని ఇరవై మంది విన్నారు. ఖాళీ కారుకి దండం పెట్టిన దగ్గర ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "ఆ సీరలు లాక్కున్న కాడ మళ్ళీ సదువు ఒదినా" అన్నారు. మళ్ళీ చదివాను. లక్ష్మి మాత్రం నవ్వలేదు. "అమ్మా, ఇంక సాల్లే" అని రెండుసార్లంది. నేను వినలేదు. పుట్టాక అంతమంది నా నోటివైపు చూసింది అదొక్క మధ్యాహ్నమే.

రెండు రోజుల తర్వాత, పొద్దున్నే అమ్మాయిలకి పాఠం జరుగుతుంటే సత్యవతిగారు మెట్లెక్కి వచ్చారు. గొంతు పెంచలేదు.

"మీకు మా ఇంట్లో ఏం లోటు చేశామండీ టీచరుగారూ? మీరు నా మీద రాసిన పుస్తకం చెప్పుకుని మా షెడ్డులో కూలోళ్ళు నవ్వుతున్నారంట."

"మీ మీద నేనేమీ రాయలేదండీ" అన్నారు టీచరు.

"మరెవరు రాశారు? ఇదా?" నావైపు చెయ్యి చూపించి నవ్వారు. "మొన్నటిదాకా గ్యాసు పుస్తకం మీద వేలిముద్రలేసింది. ఇదేం రాస్తుందండీ! మీరు రాసిచ్చారు, ఇది కంఠతా పట్టి అప్పజెప్పింది. ఏవే నూకాలూ, నీకు రాయడం వచ్చేంటే?"

ముగ్గురమ్మాయిలూ నన్నే చూస్తున్నారు. నేను రాయగా వాళ్ళు చూశారు. అయినా వాళ్ళు చెప్పాల్సిన మాట కాదది. టీచరు నన్ను చూడలేదు, కాఫీ గ్లాసులోకి చూస్తున్నారు. నాకు లక్ష్మి కాళ్ళు కనిపించాయి, ఏరే బల్ల దగ్గర కుర్చీ కనిపించింది. "నాకు రాయడమేంటండి అమ్మగారూ" అన్నాను. "నాకేం తెల్దండి."

"పుస్తకం నాది. కథ నేనే చెప్పాను" అన్నారు టీచరు. "ఆవిణ్ణి వదిలేయండి."

"నెలాఖరుకి వాటా ఖాళీ చెయ్యండి" అని సత్యవతిగారు దిగిపోయారు. దిగేటప్పుడు నన్ను పలకరించి మరీ వెళ్ళారు, సాయంత్రం కిందకొచ్చి పిండి దంచిపొమ్మని.

అమ్మాయిలు వెళ్ళాక నేను వంటింట్లో బియ్యం కడుగుతూ ఏడ్చాను. టీచరు వచ్చి గడపలో నిలబడ్డారు. "ఇల్లు పోయిందని కోపం లేదు నూకాలూ. ఇల్లు ఇంకోటి దొరుకుతుంది. నీకు రాయడం రాదని ఆవిడంటే ఒప్పేసుకున్నావు చూడూ, దానికి కోపం. ఏడాదిన్నర పట్టింది మనిద్దరికీ." అంతే. ఆ తర్వాత పోయేదాకా తనంతట తాను ఆ మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

ఇల్లు ఇంకోటి అంత తేలిగ్గా దొరకలేదు. ఇస్తామన్నవాళ్ళు మర్నాటికి, చుట్టాలొస్తున్నారండీ అనేవారు. ఆ ముగ్గురమ్మాయిల్లో ఒకమ్మాయి వచ్చి, పరీక్ష ఈ ఏడు రాయడం లేదని చెప్పి వెళ్ళింది; మిగతా ఇద్దరూ అది కూడా చెప్పలేదు. ఎవరూ ఆవిడను ఒక్క మాట అనలేదు. బజార్లో ఎదురైతే చూపు పక్కకి తిప్పుకునేవారు, అంతే. చివరికి ఊరి శివారు అడవిపొలంలో, చేపల చెరువుల వెనక, ఒక రేకుల గది దొరికింది. గోడలకి ఉప్పు తేలేది. పుస్తకాలు తడి పీల్చి ఉబ్బిపోయాయి. అసలే ఊపిరి బలం లేని మనిషి, ఆ చెమ్మకి దగ్గు పట్టుకుంది. లక్ష్మికి ఏరే బల్ల దగ్గర కుర్చీ వచ్చింది.

వారానికి మూడు రోజులు వెళ్ళి వండిపెట్టి వచ్చేదాన్ని. రావద్దని ఆవిడ అనలేదు. పాఠం కూడా మానలేదు. వినడానికి నేనొక్కదాన్నే ఉన్నా, ముగ్గురికి చెప్పినట్టే గొంతెత్తి ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పేవారు. కథలో ఒక కుర్రవాడు ఆ గొప్పింటావిడ బండికి టోపీ తియ్యడు. అతన్ని కొట్టరు, తిట్టరు. అతని దుకాణానికి వెళ్ళడం మానేస్తారు. ఆ అధ్యాయం చెబుతూ ఆవిడ గొంతులో ఏ తేడా లేదు. నేనే తలెత్తలేకపోయాను. అప్పుడు తెలిసింది, ఈ కథలో నేనెక్కడున్నానో. టోపీ తీసినవాళ్ళలో, ముందు వరసలో ఉన్నాను.

ఒకసారి కొత్త నోటుపుస్తకం కొనుక్కుని వెళ్ళి, "మళ్ళీ రాయనా టీచరుగారూ?" అన్నాను. "ఎందుకు? నాదని చెప్పుకోలేనిది రాసి ఏం చేస్తావు? చదువుకో, చాలు. చదివినట్టు ఎవరికీ తెలియక్కర్లేదు" అన్నారు. కోపంగా అనలేదు. మామూలుగా అన్నారు, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. ఆ మాట ఇన్నేళ్ళయినా అరగలేదు.

రెండో వర్షాకాలంలో మంచం దిగలేకపోయారు. నేను కాళ్ళ దగ్గర కూర్చుని, "వెళ్ళి చెప్పేస్తానండి. నేనే రాశానని సత్యవతిగారితో చెప్పేస్తాను" అన్నాను.

"నా కోసమైతే వద్దు. మళ్ళీ ఆ మెట్లు నేనెక్కలేను."

"మరెవరి కోసం చెప్పమంటారండీ?"

ఆవిడ పుస్తకం కోసం చెయ్యి చాపారు. ఆయాసం తగ్గాక, "ఎక్కడున్నాం మనం? ఆ పేజీ తియ్యి" అన్నారు. నాలుగు వాక్యాలు చదివి నిద్రపోయారు. ఆ వారంలోనే పోయారు. నవల ఇంకా మూడోవంతు మిగిలింది. అది ఎలా ముగుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంగ్లీషు రాదు నాకు. ఇంకెవర్నీ అడగబుద్ధి కాలేదు.

సమాధి దగ్గర పదిమంది కూడా లేము. చర్చి ఫాదరు, నేను, లక్ష్మి, ఆ పక్క చెరువుల కాపలావాళ్ళు. అప్పుడు షెడ్డు సూపర్‌వైజరు కారులోంచి దిగి, ఇద్దరు మోస్తే గాని లేవని పూలచక్రం తెచ్చి పెట్టాడు. దాని మీది రిబ్బనుకి సత్యవతిగారి పేరు బంగారు రంగులో ఉంది. ఫోనులో ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ పేరు చదివాను. కూడబలుక్కోకుండా, ఒక్కసారికే చదివాను. అది చదవడం నాకు నేర్పిన మనిషి ఆ పూల కింద ఉంది.

మర్నాడు పొద్దున్నే సత్యవతిగారింటికి వెళ్ళాను. హాల్లో సోఫా మీద మనవడి పంచెల ఫంక్షను శుభలేఖలు పరుచుకుని ఉన్నారు. ఇద్దరు వంటమనుషులు, ఒక చుట్టాలావిడ అక్కడే ఉన్నారు. అంతమంది ఉండడమే మంచిదనుకున్నాను.

"ఏవే నూకాలూ, కనపడ్డమే మానేశావు. టీచరు పోయిందటగా పాపం. మంచి మనిషి. మా మేడ మీద ఎన్నాళ్ళుందో!"

"అమ్మగారూ, ఆ నోటుపుస్తకం నేను రాశానండి."

"ఏ నోటుపుస్తకం?"

చెప్పాను. కారు సంగతి, చీరల సంగతి, షెడ్డులో చదవడం, అన్నీ. ఆవిడ శుభలేఖ అంచుకి పసుపు అద్దుతూ విన్నారు. "ఆ, అదా! ఎప్పటి మాటే అది. నేనెప్పుడో మర్చిపోయాను."

"దానికేగా అండి, టీచరుగార్ని ఖాళీ చేయించింది."

"నేనా? అదేంటే! మెట్లెక్కలేకపోతున్నానని ఆవిడే వెళ్ళింది గదా" అన్నారు. అబద్ధం చెప్పే మొహం కాదది. ఆవిడ నిజంగానే అలా గుర్తుపెట్టుకున్నారు. "కూర్చో, టీ తాగి వెళ్ళు."

నేను కూర్చోలేదు. అందరికీ వినపడేలా, "నేనే రాశాను. నాకు రాయడం వచ్చు" అన్నాను.

"సరేలేవే, వచ్చులే" అన్నారు సత్యవతిగారు నవ్వుతూ. "రాదని ఎవరన్నారు?"

ఆవిడ అన్నారు, నిజమే. కానీ ఒప్పుకున్నది నేను. ఆవిడ అడిగి వదిలేశారు. ఆ అబద్ధాన్ని ఏడాది పైన మోసుకు తిరిగింది నేనొక్కదాన్నే. గుమ్మం దాటుతుంటే, నిన్నటి నుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చింది.

మా పేటలో నాకు నోరెక్కువని పేరు. ముక్కు మీద గుద్దినట్టు మాట్లాడతావమ్మా అని లక్ష్మే విసుక్కుంటుంది. పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చోవడానికి కొందరు జంకుతారు. ముసలిదానికి ధైర్యమెక్కువని ఇంకొందరు మెచ్చుకుంటారు. ధైర్యమేమీ కాదు. ఎవరైనా ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే, జవాబు లోపల ఒక్క క్షణం ఆగినా నాకు భయం వేస్తుంది. నేను మింగిన మాటకి, ఎవరు సామాను సర్దుకోవాల్సి వస్తుందో తెలియదు గదా.